సరంగు చేతిలో నది పటం

1993 సెప్టెంబరు 22. తెల్లవారుజామున మూడు గంటలు కావస్తోంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, మొబైల్ నగరానికి ఎగువన దట్టమైన పొగమంచు. మోవిల్లా అనే టోబోటు ఆరు బార్జీలను తోసుకుంటూ మొబైల్ నది మీద వెళుతోంది. సరంగుకు ఏ ఒడ్డూ కనబడడం లేదు. ఎదుట రాడార్ ఉంది, దాన్ని చదవడంలో అతనికి సరైన శిక్షణ లేదు. పడవలో దిక్సూచి లేదు, ఆ నీళ్ల పటమూ లేదు. అసలు నదిలోనే ఉన్నాననుకుంటూ అతను బిగ్ బయూ కానో అనే పక్కపాయలోకి మళ్లాడు. బార్జీలు తిరిగే పాయ కాదది. ముందున్న బార్జీలు వెళ్లి రైలు వంతెనను గుద్దాయి. వంతెన సుమారు మూడడుగులు పక్కకు జరిగింది. కొద్ది నిమిషాలకే దాని మీదికి సన్‌సెట్ లిమిటెడ్ రైలు వచ్చింది. 47 మంది చనిపోయారు.

ఆ ప్రమాదంపై దర్యాప్తు జరిపిన జాతీయ రవాణా భద్రతా మండలి చేసిన సిఫార్సుల్లో ఒకటి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌ను ఉద్దేశించింది. అమెరికాలో నదుల్లో పూడిక తీసేదీ, లాకులూ ఆనకట్టలూ నడిపేదీ ఆ సంస్థే. దేశంలోపలి నదుల కోసం తక్కువ ధరలో ఎలక్ట్రానిక్ పటాల పరికరాలు వచ్చేలా చూడమని మండలి దానికి చెప్పింది. ఆ సిఫార్సులో నాకు అన్నిటికంటే విలువైన మాట ‘తక్కువ ధర’. పెద్ద ఓడల కంపెనీలు ఎంత ఖరీదైన పరికరమైనా కొనుక్కోగలవు. దారి తప్పింది మాత్రం నది మీద తిరిగే ఒక చిన్న టోబోటు.

2001 నుంచి కోర్ తన నదుల పటాలను ఎలక్ట్రానిక్ రూపంలో తయారుచేయడం మొదలుపెట్టింది. మిసిసిపీ, ఒహాయో, టెనెసీ, కంబర్లాండ్, ఇల్లినాయ్, మిస్సోరీ, ఆర్కన్సా, టెనెసీ-టామ్‌బిగ్బీ జలమార్గం, ఇంకా ఎన్నో నదుల పటాలు ఇవాళ దాని వెబ్‌సైట్లో ఉన్నాయి. ఎవరైనా దించుకోవచ్చు. రుసుము లేదు. సముద్రతీరానికీ మహాసరస్సులకూ పటాలు గీసే నోవా అనే మరో ప్రభుత్వ సంస్థ కూడా తన ఎలక్ట్రానిక్ చార్టులను ఉచితంగానే ఇస్తోంది. అందువల్ల అమెరికా నదుల మీద సొంత పడవ నడపాలనుకునేవాళ్లు చవకైన చార్టు ఏదని అడిగితే ముందుగా చెప్పాల్సింది ఇదే: అన్నిటికంటే మంచి సమాచారం మీరు కట్టిన పన్నులతో ఇప్పటికే తయారై ఉంది. ఇక ఆలోచించాల్సింది దాన్ని ఏ తెర మీద చూడాలి, దాన్ని ఎంతవరకు నమ్మాలి అన్న రెండు సంగతులే.

ఎలక్ట్రానిక్ చార్టుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి రాస్టర్. కాగితం పటాన్ని ఫొటో తీసి తెర మీద పెట్టినట్టు ఉంటుంది. పెద్దది చేస్తే గీతలు లావెక్కుతాయే తప్ప కొత్త సంగతేమీ తెలియదు. రెండోది వెక్టర్. ఇందులో బొమ్మ ఉండదు, జాబితా ఉంటుంది. ఫలానా అక్షాంశ రేఖాంశాల దగ్గర వంతెన, దాని కింద ఖాళీ ఇంత. ఇక్కడ మునిగిన రాతికట్ట. ఇది లాకు గోడ. సాఫ్ట్‌వేర్ ఆ జాబితాను చదివి అప్పటికప్పుడు పటం గీస్తుంది. వంతెన మీద వేలు పెడితే దాని ఎత్తు చెబుతుంది. మీ పడవకు నాలుగడుగుల నీరు కావాలని ముందే చెప్పి పెడితే, అంతకంటే తక్కువ లోతున్న చోటికి రంగు మార్చి చూపిస్తుంది, కొన్నయితే గంట కొడతాయి. నోవా 2024 చివరికల్లా తన పాత రాస్టర్ చార్టులను పూర్తిగా ఆపేసింది. ఇప్పుడు ఎవరైనా రాస్టర్ పటాల మూట తక్కువ ధరకు అమ్మజూపితే, అది పాతబడిన సరుకని అనుకోవచ్చు.

ఈ జాబితాను ఎలా రాయాలో అంతర్జాతీయ జలపటాల సంస్థ ఒక పద్ధతి పెట్టింది. దాని పేరు ఎస్-57. నదుల్లో లాకులూ బార్జీ రేవులూ కరెంటు తీగలూ ఉంటాయి కాబట్టి ఆ పద్ధతికి నదుల కోసం చేర్పులు చేశారు. యూరప్‌లో రైన్ నది కమిషన్ 2001లో తన ప్రమాణాన్ని ఆమోదించింది. 2003లో ఉత్తర అమెరికా, యూరప్ నిపుణులు ఒక ఉమ్మడి బృందంగా కూడి రెండు ఖండాల పద్ధతులనూ కలిపారు. పడవ నడిపేవాడికి దీనివల్ల ఒరిగేది చాలా ఉంది. డాన్యూబ్ మీద ఆస్ట్రియా ఇచ్చే పటాన్నీ, ఒహాయో మీద అమెరికా ఇచ్చే పటాన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ చదవగలదు. ఒక కంపెనీ కార్డు ఆ కంపెనీ డబ్బాలోనే పనిచేయాలన్న బంధం ఇక్కడ తెగిపోయింది.

చవకగా మొదలుపెట్టాలంటే నా ఓటు ఓపెన్‌సీపీఎన్‌కు. ఔత్సాహికులు కలిసి రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటి మీదా నడుస్తుంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెరీ పై కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. కోర్ వెబ్‌సైట్లో మీ నదిని ఎంచుకుని దించుకుంటే ఒక జిప్ ఫైలు వస్తుంది. దాన్ని విప్పితే 000తో ముగిసే ఫైళ్లుంటాయి, అవే చార్టులు. వాటిని పెట్టిన ఫోల్డరు ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తే చాలు. మొదటిసారి తెరవడానికి కాస్త సమయం పడుతుంది, ఓపిక పట్టాలి. పాత ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో మూలన పడి ఉంటే, యూఎస్‌బీకి తగిలించే చిన్న జీపీఎస్ రిసీవర్ ఒకటి కొంటే, మొత్తం ఏర్పాటు అయిపోయినట్టే.

ల్యాప్‌టాప్ వద్దు, టాబ్లెట్ కావాలనేవాళ్లు కొనేముందు ఒకటి చూసుకోవాలి. ఐప్యాడ్‌లో కేవలం వైఫై ఉన్న రకంలో జీపీఎస్ రిసీవర్ ఉండదు. సిమ్ వేసుకునే సెల్యులార్ రకంలో ఉంటుంది. నెలనెలా డేటా ప్లాన్ కట్టకపోయినా ఆ రిసీవర్ పనిచేస్తుంది, ఎందుకంటే ఉపగ్రహాల సంకేతానికి ఎవరికీ బిల్లు కట్టనక్కర్లేదు. డబ్బు మిగులుతుందని వైఫై రకం కొని, ఇంట్లో అంతా బాగానే చూపించిందని నమ్మి, నది మధ్యలోకి వెళ్లాక చుక్క కదలకపోతే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. ఇంట్లో అది వైఫై ఆధారంగా చోటును అంచనా వేసింది. బ్లూటూత్ జీపీఎస్ ఒకటి కొంటే ఆ లోటు తీరుతుంది. ఎండ సంగతీ మరవకూడదు. ఐప్యాడ్ పనిచేయడానికి ఆపిల్ చెప్పే హద్దు 35 డిగ్రీల సెల్సియస్. జులై మధ్యాహ్నం నీడ లేని చుక్కాని దగ్గర పెడితే తెర మసకబారుతుంది, ఇంకా వేడెక్కితే ఆగిపోతుంది.

డబ్బు పెట్టి కొనే యాప్‌లూ ఉన్నాయి. నేవియానిక్స్, ఆక్వామ్యాప్, సీ-మ్యాప్ వంటివి. ఇవి చందా మీద నడుస్తాయి, చూపు తేలిక, వాడకం తేలిక. వీటిలో చాలావరకు సమాచారం మళ్లీ ఆ ప్రభుత్వ సర్వేల నుంచే వస్తుంది. అంటే మీరు కట్టే డబ్బు ఎక్కువగా సౌకర్యానికి వెళుతుంది. ఆ సౌకర్యానికి విలువ లేదనను. ఉదాహరణకు, కోర్ తన పడవలతో కొలిచిన తాజా లోతులను ఈహైడ్రో అనే పేరుతో అందరికీ తెరిచి పెడుతుంది. వాటిని సొంతంగా దించి పటం మీద పరుచుకోవడం అందరివల్లా కాదు. ఆక్వామ్యాప్ ఆ కొలతలను రంగుల్లో చార్టు మీదే చూపిస్తుంది. ఆ ఒక్క పని కోసం చందా కట్టినా నష్టం లేదని నా అభిప్రాయం.

కొన్ని యాప్‌లు జనం పడవల్లోని సోనార్ లెక్కలను పోగుచేసి లోతు గీతలు గీస్తాయి. చెరువులాంటి నిలవ నీటిలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. అడుగు ఇసుకైన నదిలో మాత్రం జాగ్రత్త. పోయిన ఏడాది వరదకు ముందు ఎవరి పడవో కొలిచిన లోతు ఇవాళ అక్కడ ఉండాలని లేదు. గోదావరి లంకల్లో పెరిగినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వరద తీశాక రేవు ముందు కొత్త మేట వేస్తుంది, నిన్నటి పాయ ఎండిపోతుంది, ఎండిపోయిన పాయలో పడవ తేలుతుంది.

నది చార్టును సముద్రపు చార్టు నుంచి వేరు చేసేది నీటి మట్టమే. దీన్ని మన అంకెలతోనే చెబుతాను. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు వచ్చింది, 2022 జులైలో 71.3కి. ఆ రోజుల్లో ఊరూరా ఈ అంకెలే మాట్లాడుకున్నారు. అయితే 43 అడుగులంటే నదిలో అంత లోతుందని అర్థం కాదు. సున్నా అని పెట్టుకున్న ఒక గుర్తు నుంచి నీరు ఎంత పైకి ఉందో చెప్పే లెక్క అది. సున్నా ఎక్కడ పెట్టారన్నది ఆ ఊరి గేజి సంగతి. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకే. అంతమాత్రాన అక్కడ నది చిన్నదై పోలేదు కదా.

మిసిసిపీ మీద సెయింట్ లూయిస్ గేజిని చూడండి. 1993 ఆగస్టు 1న 49.58 అడుగులు. 1940 జనవరిలో మైనస్ 6.2. రెండింటికీ మధ్య తేడా దాదాపు 56 అడుగులు, అంటే ఐదంతస్తుల మేడంత. మెంఫిస్ దగ్గర 2022 అక్టోబరులో నది మైనస్ 10.81కి పడిపోయి రికార్డు పెట్టింది, మరుసటి అక్టోబరులో అంతకంటే కిందికి దిగింది. మైనస్ అంటే నది ఎండిందని కాదు. బార్జీలు బరువు తగ్గించుకుని అప్పుడూ తిరిగాయి. చార్టు మీది లోతు మాత్రం ఏదో ఒక మట్టాన్ని ఆధారంగా పెట్టుకుని రాసినది. ఆ ఆధార మట్టం కంటే ఇవాళ నీరు మూడడుగులు తక్కువుంటే, చార్టులో తొమ్మిదడుగులని ఉన్న చోట మీకు దొరికేది ఆరే. వంతెనల దగ్గర లెక్క తిరగబడుతుంది. నీరు పదడుగులు పెరిగితే వంతెన కింద ఖాళీ పదడుగులు తగ్గుతుంది. అమెరికా తూర్పు భాగమంతా పడవలో చుట్టివచ్చే ‘గ్రేట్ లూప్’ యాత్రికులందరికీ షికాగోకు దిగువనున్న ఒక స్థిర రైలు వంతెన ఎత్తు నోటికి వచ్చు. సుమారు 19న్నర అడుగులు. దాని కింద దూరని పడవ ఆ దారిన చుట్టు పూర్తి చేయలేదు.

కాబట్టి చార్టు ఎంత మంచిదైనా పక్కన ఆ రోజు గేజి అంకె ఉండాలి. అమెరికాలో జాతీయ వాతావరణ సేవ, కోర్ రెండూ ఆ అంకెలను, రాబోయే రోజుల అంచనాలను ఉచితంగా ఇస్తాయి. పొద్దున్నే అది చూసుకోకుండా లంగరు ఎత్తడం నది మీద పెద్ద తప్పు.

మట్టం అంతటా ఒకేలా మారదు. సెయింట్ లూయిస్‌కు ఎగువన మిసిసిపీ మెట్లమెట్లుగా ఉంటుంది. 29 లాకులూ ఆనకట్టలూ దాన్ని వరస చెరువుల్లా నిలబెట్టాయి. గోదావరి డెల్టాలో కాటన్ కాలువల లాకులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు: గదిలోకి పడవ వస్తుంది, వెనక తలుపు మూసుకుంటుంది, నీరు పెరుగుతుంది లేదా తగ్గుతుంది, ముందు తలుపు తెరుచుకుంటుంది. మిసిసిపీ మీది గదుల్లో చాలావరకు 600 అడుగుల పొడవు. సెయింట్ లూయిస్ నుంచి సముద్రం వరకు నది మీద ఒక్క లాకూ లేదు. అక్కడ నీరు స్వేచ్ఛగా పెరుగుతుంది, తరుగుతుంది. చార్టు మీద నమ్మకం ఎగువన ఒకలా, దిగువన ఒకలా పెట్టుకోవాలి.

ఎగువ మిసిసిపీలో ఇంకో ప్రమాదం నీటి కింద దాక్కుని ఉంటుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర నుంచి ఇంజినీర్లు ఒడ్డు నుంచి నది మధ్యకు చేతులు చాచినట్టు రాతికట్టలు కట్టారు. ప్రవాహాన్ని మధ్యకు నెట్టి, అక్కడ ఇసుక తనంతట తానే కోసుకుపోయేలా చేయడం వాటి పని. మన ఇరిగేషన్ వాళ్లు గ్రోయిన్లు అనేవాటికి ఇవి చుట్టాలు. తర్వాత ఆనకట్టలు కట్టి నీటిని నిలబెట్టడంతో వాటిలో చాలా భాగం మునిగిపోయాయి. పైన నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది, కింద రెండు మూడడుగుల్లోనే రాయి. ప్రొపెల్లరు విరిగేది ఇక్కడే. కోర్ చార్టుల్లో ఈ కట్టల గీతలు ఉంటాయి. రోడ్లు చూపించే మామూలు ఫోను మ్యాపులో అంతా ఒకే నీలం. నది అంచున చేపల కోసం వెళ్లే చిన్న పడవవాళ్లు, మాకు చార్టెందుకనుకునేవాళ్లు, ఈ ఒక్క కారణానికైనా దాన్ని దించుకోవాలి.

ఎక్కడ ఎవరి చార్టు మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా చూసుకోవాలి. సముద్రం వైపు నుంచి బాటన్ రూజ్ వరకు నోవా చార్టులున్నాయి, ఆ పైన కోర్ వారివి. షికాగో నుంచి నదుల మీదుగా సముద్రానికి దిగేవాళ్లకు రెండూ కావాలి. సముద్రపు మైలు వేరు, నది మైలు వేరు. ఈ నదుల మీద మామూలు భూమి మైళ్లనే వాడతారు. ఒహాయోకు మైలు సంఖ్య పిట్స్‌బర్గ్ దగ్గర సున్నాతో మొదలై దిగువకు 981 దాకా పెరుగుతుంది. టెనెసీకి సంగమం దగ్గర, పడూకాలో సున్నా, ఎగువకు పెరిగి నాక్స్‌విల్ దగ్గర 652. రేడియోలో ఎవరైనా ‘మైలు 300 దగ్గరున్నాను’ అంటే వాళ్లు మీకు ఎదురొస్తున్నారో వెనకున్నారో తెలియాలంటే, మీ నదికి సున్నా ఎక్కడుందో గుర్తుండాలి. కోర్ చార్టు ఈ మైలు గుర్తులన్నీ చూపిస్తుంది. చాలా అందమైన యాప్‌లు ఇక్కడే తడబడతాయి, ఎందుకంటే వాటిని సముద్రం కోసం తయారుచేశారు.

ఎదురొచ్చేవాళ్ల మాట వచ్చింది కాబట్టి ఏఐఎస్ గురించి చెప్పాలి. ఎగువ మిసిసిపీలో మామూలు తోపుడు వరసలో 15 బార్జీలుంటాయి, అడ్డంగా మూడు, నిలువునా ఐదు. ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. టోబోటుతో కలిపితే వెయ్యి అడుగులు దాటే ఆ వరసను వెంటనే ఆపడం ఎవరి చేతా కాదు. నది మలుపులో అది మీ కంటికి కనిపించేసరికి ఆలస్యమైపోవచ్చు. టోబోట్లు తమ పేరు, చోటు, వేగం ఏఐఎస్ అనే ఈ వ్యవస్థ ద్వారా రేడియోలో ప్రసారం చేస్తూ ఉంటాయి. చిన్న ఏఐఎస్ రిసీవర్ పెట్టుకుంటే మలుపు అవతలున్న వరస మీ చార్టు మీద ముందే కనిపిస్తుంది. చార్టు మీద మిగిల్చిన డబ్బును ఇక్కడ పెట్టమని నేను గట్టిగా చెబుతాను. ఇంటర్నెట్ ద్వారా ఏఐఎస్ చూపించే ఫోను యాప్‌లను దీనికి బదులు అనుకోకండి. వాటిలో కనిపించే పడవ కొన్ని నిమిషాల క్రితం అక్కడ ఉన్న పడవ కావచ్చు.

జీపీఎస్ మీద కూడా మితిమీరిన నమ్మకం వద్దు. ఆకాశం బాగా తెరిచి ఉన్నచోట ఫోను జీపీఎస్ సాధారణంగా ఐదు మీటర్లలోపు సరిగ్గా చెబుతుంది. వంతెన కింద, లాకు గోడల మధ్య ఆ తేడా పెరుగుతుంది. పొగమంచులో లాకు గోడకు ఐదు మీటర్ల దూరంలో ఉన్నామా, తగులుతున్నామా అన్నది తెర చెప్పలేదు. తేలియాడే బోయాల సంగతి మరీ చెప్పాలి. మట్టం మారినప్పుడల్లా కోస్ట్‌గార్డు వాటిని జరుపుతుంది, కొన్నిటిని బార్జీలూ వరదలో కొట్టుకొచ్చే మానులూ ఈడ్చుకుపోతాయి. చార్టులో బోయా ఒకచోట, నీటిలో మరోచోట ఉంటే మీ కళ్లనే నమ్మాలి.

కొత్త చార్టు ఏదైనా పరీక్షించడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. మీకు బాగా తెలిసిన చోటు ఒకటి ఎంచుకోండి: ఇంటి దగ్గర రేవు, రోజూ దాటే వంతెన, ఒక లాకు. రెండు మూడు చార్టుల్లో దాన్ని తెరిచి చూడండి. వంతెన ఎత్తు అన్నిటిలో ఒకటేనా? కొత్తగా కట్టిన వంతెన ఉందా? కూలగొట్టిన పాతది ఇంకా ఉందా? ఆ చార్టు ఎడిషన్ తేదీ ఎక్కడుంది? తేదీ చూపించని యాప్‌కు డబ్బు కట్టవద్దు. ఇంకొకటి, బయలుదేరే ముందు ఫోనును విమానం మోడ్‌లో పెట్టి చార్టు తెరుచుకుంటుందో లేదో చూడాలి. నది చాలాచోట్ల ఊళ్లకు దూరంగా సాగుతుంది, సిగ్నలు ఉండదు. కోర్ తన చార్టు పుస్తకాలను పీడీఎఫ్‌గా కూడా ఇస్తుంది. ఆ రోజు ప్రయాణానికి కావాల్సిన నాలుగు పేజీలు అచ్చు వేసుకుని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంటే, తెర ఆగిపోయినా దారి ఆగదు.

ఒకప్పుడు ఇదంతా సరంగు తలలో ఉండేది. మిసిసిపీ మీద పైలట్‌గా పనిచేసిన శామ్యూల్ క్లెమెన్స్ రచయితగా పెట్టుకున్న పేరు ‘మార్క్ ట్వైన్’ లోతు కొలిచేవాడు పెట్టే కేక. రెండు ఫాదమ్‌లు, అంటే 12 అడుగుల నీరుందని దానర్థం. మన పడవల మీద గడ వేసి అడుగు చూసేవాళ్లు చేసేదీ ఆ పనే. ఆ జ్ఞానం గొప్పది. అయితే అది ఒక మనిషితో పాటు పోతుంది, కొత్తవాడికి చేరడానికి ఏళ్లు పడుతుంది, పొగమంచులో పనిచేయదు.

2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు వరద గోదావరిలో మునిగింది. దాన్ని అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. చార్టు ఉంటే ఆ బోటు మునిగేది కాదని నేను అనను. వరద రోజున పడవ కట్టేసి ఉంచాలా వద్దా అన్నది ఏ తెరా తేల్చదు. అయినా ఆ నది మీద తిరిగే ప్రతి సరంగుకూ ఎక్కడ ఎంత లోతు, ఏ మలుపులో సుడి, ఇవాళ మట్టమెంత అన్నది చేతిలో ఉండడం అతని హక్కు.

మన దేశంలోనూ ఈ పని మొదలైంది. 1986లో ఏర్పడిన భారత అంతర్దేశీయ జలమార్గాల సంస్థ గంగ మీది జాతీయ జలమార్గం-1కు ఎలక్ట్రానిక్ చార్టులు తయారుచేసింది. 2008లో ప్రకటించిన జాతీయ జలమార్గం-4లో భద్రాచలం నుంచి రాజమహేంద్రవరం వరకు 171 కిలోమీటర్ల గోదావరి, వజీరాబాద్ నుంచి విజయవాడ వరకు 157 కిలోమీటర్ల కృష్ణ ఉన్నాయి. మిసిసిపీకి ఇచ్చినట్టే ఈ రెండు దారులకూ ఇవ్వాలి. ఏటా వరద తీయగానే లోతులు కొలవాలి, తేదీ వేయాలి, ఎస్-57 పద్ధతిలో రాయాలి, లాంచీ నడిపేవాడు తన ఫోనులోకి ఉచితంగా దించుకునేలా పెట్టాలి. పేర్లన్నీ తెలుగులో ఉండాలి.